టిక్ పడింది, కాయిన్లు వచ్చాయి, గేదె తొట్టిలో మాత్రం నీళ్ళు లేవు

కోనసీమలో అల్లవరం వైపు ఒక పల్లె నుంచి ఒక అమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. విషయం ఇదీ.

భర్త రొయ్యల చెరువులు చేస్తారు. పగలు మేత, రాత్రి నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు, కరెంటు పోతే జనరేటరు. ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఇంట్లో అరవై దాటిన అత్తగారు, తొమ్మిదేళ్ళ బాబు, అయిదేళ్ళ పాప, ఒక పాడిగేదె. చుట్టూ ముప్పై కొబ్బరిచెట్లు, పెరడు దాటితే పంటకాలవ. బాబు మంచివాడే గానీ ఏ పనైనా పదిసార్లు చెప్పించుకుంటాడు. ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి వచ్చిన చెల్లెలు ఈవిడ ఫోన్లో ఒక యాప్ వేసి ఇచ్చింది. పని చేస్తే కాయిన్లు, తప్పు చేస్తే మైనస్. "చేసినదానికి ఫలితం ఉంటుందని పిల్లలకి ఇలా అయితేనే తెలుస్తుందక్కా" అంది. రాత్రి పళ్ళు తోముకుంటే 5, హోంవర్కుకి 10, సాయంత్రం గేదె తొట్టిలో నీళ్ళు పోస్తే 10. చెల్లిని కొడితే మైనస్ 20, చెప్పకుండా కాలవ దగ్గరికి వెళితే మైనస్ 50. కాయిన్లు చిల్లరగా ఖర్చు పెట్టుకుంటే ఐస్‌క్రీము, ఫోన్లో ఆటలు. దాచుకుని వెయ్యి చేస్తే గేర్ల సైకిల్.

మొదటి మూడు వారాలు ఇల్లు చల్లగా ఉందట. తర్వాత ఒకరోజు మామ్మ మంచినీళ్ళు తెమ్మంటే "ఎన్ని కాయిన్లు?" అన్నాడు. ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్ళి ముంచుకుని తాగింది. అప్పటినుంచి వాణ్ణి ఏ పనీ అడగడం లేదు. రాత్రి పడుకోబోయే ముందు యాప్‌లో ఒక చక్రం తిరుగుతుంది. బోనస్ రెండు రావచ్చు, యాభై రావచ్చు. అది తిప్పనిదే వాడికి నిద్ర పట్టదు. మే నెలాఖరులో అసలు గొడవ జరిగింది. తొట్టిలో నీళ్ళు పోశానని రెండు రోజులు టిక్ పెట్టాడు, పోయలేదు. రోళ్ళు పగిలే ఎండలు. పాలు లీటరున్నర తగ్గేసరికి అత్తగారు తొట్టి చూసి కనిపెట్టింది. ఈవిడ కోపంతో ముప్పై కాయిన్లు తీసేశారు. వాడు తాపీగా, "ముప్పై కట్టేశాను కదా, ఇంకా ఎందుకు తిడతావు?" అన్నాడు.

భర్త నవ్వి "వ్యాపారం వంటబట్టింది" అన్నారు. అత్తగారు "వీపు మీద నాలుగు తగిలిస్తే అదే కుదురుతుంది" అంటోంది. చెల్లెలు "మైనస్ పెంచు" అంటోంది. బాబు ఖాతాలో ఇప్పుడు 640 ఉన్నాయి. "యాప్ తీసేస్తే అమ్మ మోసం చేసిందంటాడు. ఉంచితే వీడు ఎలా తయారవుతాడో అని టెన్షన్. ఏం చేయమంటారు?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు గేదె దగ్గర ఎక్కువ బాధపడ్డారు, అత్తగారి మంచినీళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ బాధపడ్డారు. నేను మాత్రం మీరు సగం వాక్యంలో చెప్పి దాటేసిన చోట ఆగిపోయాను. "కాలవ దగ్గరికి వెళితే మైనస్ 50." మిగతావి నిదానంగా చూసుకోవచ్చు. ముందు దీని సంగతి.

మీవాడి దగ్గర 640 ఉన్నాయి. ఆ లెక్కన పన్నెండుసార్లు కాలవ దగ్గరికి వెళ్ళి రావచ్చు, చేతిలో ఇంకా నలభై మిగుల్తాయి. మీరు భయం పెట్టాననుకున్నారు. వాడికి అది టికెట్టు ధరలా కనిపిస్తుంది. "ముప్పై కట్టేశాను కదా" అని ఒకసారి అన్న నోటికి "యాభై కట్టేస్తాలే" అనడం ఎంతసేపు?

ఇది పిల్లల బుద్ధి మాత్రమే అనుకోకండి. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్ళో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పరిశీలన చేసి 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చేవారు. టీచర్లు కాచుకుని కూర్చోవాలి. ఆరు కేంద్రాల్లో, పది నిమిషాలు దాటితే పది షెకెల్‌లు జరిమానా అన్నారు. ఆలస్యం తగ్గాలి కదా? ఇంచుమించు రెట్టింపైంది. అంతకుముందు టీచరు మొహం చూడటానికి సిగ్గేసి పరుగెత్తుకొచ్చినవాళ్ళు, డబ్బు కడుతున్నాం కదా అని నింపాదిగా రావడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి జరిమానా ఎత్తేశారు. పాత సిగ్గు మాత్రం తిరిగి రాలేదు, ఆలస్యం అలాగే ఉండిపోయింది. తప్పుకి వెల కట్టడం సులువు. ఆ వెల తీసేశాక తప్పు మళ్ళీ తప్పులా కనిపించడం కష్టం.

అందుకని ఈ రాత్రికే ఆ కాలవ గీతని యాప్‌లోంచి కొట్టేయండి. కొట్టేసి ఊరుకుంటే ఇక కాలవకి వెళ్ళినా పరవాలేదనుకుంటాడు. కాబట్టి మీవారు ఇంట్లో ఉన్న పూట చూసుకుని ఇద్దరూ ఎదురుగా కూర్చుని చెప్పండి. కాలవకి కాయిన్లు లేవు, ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు, ఒంటరిగా వెళ్ళడమన్నదే లేదు, అంతే. ఎందుకో కూడా చెప్పండి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు వాడు ఆ అడుగున క్రికెట్ ఆడి ఉంటాడు. ఇప్పుడు ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలారు. నెల కిందట వికెట్లు పాతిన చోటే ఇవాళ వాడికి తలమునక. తొమ్మిదేళ్ళ బుర్రకి ఆ చోటు ఇంకా పిచ్‌లాగే గుర్తుంటుంది. తండ్రి ఒక కర్ర తీసుకెళ్ళి వాడి ఎదుటే లోతు కొలిచి, ఆ కర్రని వాడి పక్కన నిలబెడితే చాలు. వీలైతే పెద్దవాళ్ళ కళ్ళముందు ఈత నేర్పించండి. డెల్టాలో పుట్టినవాడికి అది అక్షరాభ్యాసంతో సమానం అని నా అభిప్రాయం.

ఇక గేదె.

వాడు అబద్ధం ఆడాడని మీకు కోపం. సరే, అది అబద్ధమే. కానీ ఒక్క క్షణం వాడి వైపు నుంచి చూడండి. మీ చెల్లెలు యాప్ ఎందుకు వేసింది? ఏం చేస్తే ఏం వస్తుందో తెలియాలని. వాడికి బ్రహ్మాండంగా తెలిసింది. టిక్ పెడితే కాయిన్లు వస్తాయి. నీళ్ళు పోసి టిక్ పెట్టినా పది, పోయకుండా పెట్టినా పది. యాప్‌కి తొట్టి కనిపించదు, టిక్కే కనిపిస్తుంది. వాడు ఆ యంత్రం నేర్పిన పాఠాన్ని నూటికి నూరు మార్కులతో నేర్చుకున్నాడు.

నేను ముప్పై ఏళ్ళు లంక పిల్లలకి లెక్కలు చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెలివి ప్రదర్శించాను. వారంలో ఇరవై లెక్కలు చేసినవాళ్ళ పుస్తకం మీద ఎర్ర నక్షత్రం. పిల్లలు పోటీలు పడి చేశారు. హెడ్మాస్టరు మెచ్చుకున్నారు కూడా. నెల పోయాక చూస్తే అందరూ పుస్తకం మొదట్లో ఉన్న కూడికలు, తీసివేతలు తిరగేసి మరగేసి చేస్తున్నారు. రాతలెక్క జోలికి ఒక్కడూ పోలేదు. రాతలెక్క ఒకటి చేసే టైములో కూడికలు అయిదు అవుతాయి మరి. నేను ఏది లెక్కపెట్టానో అదే తెచ్చి నా చేతిలో పెట్టారు. చాలాకాలం పిల్లల్ని తిట్టుకున్నాను గానీ, నక్షత్రం పెట్టింది నేను.

పనికి కూలి వస్తుంది. పనికి ఫలితమూ వస్తుంది. రెండూ ఒకటి కాదు. కూలి ఇవ్వాలంటే ఇచ్చేవాడు ఉండాలి, వాడు చూడాలి, వాడి కళ్ళు కప్పితే కూలి వస్తుంది గానీ పని జరగదు. ఫలితానికి మేస్త్రీ అక్కర్లేదు. తొట్టిలో నీళ్ళు లేకపోతే మీరు చూసినా చూడకపోయినా పాలు తగ్గుతాయి. గేదెపాలలో అయిదింట నాలుగు వంతులకి పైగా నీళ్ళే, పాలవాడు చెయ్యి పెట్టకముందే. ఎండాకాలంలో దానికి తాగడానికి లేకపోతే పొదుగులోకి ఎక్కడినుంచి వస్తాయి? మీ ఇంట్లో ఆ ఫలితం చక్కగా కనిపించింది. లీటరున్నర తగ్గింది. సరిగ్గా ఆ సమయంలో మీరు ముప్పై కాయిన్లు తీసేశారు. వాడి చూపు గేదె మీద నుంచి ఖాతా మీదికి వెళ్ళిపోయింది. ముప్పై పోయాయి, లెక్క సరి. గేదె దాహం ఆ లెక్కలో ఎక్కడా లేదు. మీ పొరపాటు ఏదైనా ఉందంటే ఇదొక్కటే, అదీ కోపంలో చేసింది.

ఇప్పుడు ఏం చేయొచ్చు? పాలు తీసే వేళకి వాణ్ణి పక్కన నిలబెట్టుకోండి. ఎన్ని లీటర్లు వచ్చాయో వాడిచేతే కొలిపించి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయించండి. ఎన్ని బకెట్లు నీళ్ళు తాగిందో కూడా. ఉపన్యాసం ఇవ్వకండి. పదిహేను రోజుల గడులు నిండాక వాడే ఏదో ఒకటి అంటాడు. వాన పడిన రోజు తక్కువ తాగిందనో, పచ్చగడ్డి వేసిన రోజు వేరేగా ఉందనో. అప్పుడు "ఔనా, ఎందుకంటావు?" అని అడగండి, చాలు. (రుజువు చేసి చూపిద్దామని గేదెని మళ్ళీ ఎండగట్టకండి. అత్తగారు మనిద్దరినీ క్షమించరు.)

అసలు మీ ఇంట్లో ఇంతకన్నా మంచి బడి ఒకటుంది, ఆ మేష్టారు గట్టు మీద ఉన్నారు. మీవారు చెరువులో చెక్ ట్రే, అంటే కొంచెం మేత వేసిన పళ్ళెం, పెట్టి, గంటన్నరా రెండు గంటలాగి పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తారు, ఖాళీ అయితే కొంచెం పెంచుతారు. మిగిలిన మేత అడుగున కుళ్ళితే ఏమవుతుందో, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో, రొయ్య తేలితే ఎంత నష్టమో ఆయనకి ఎవరూ కాయిన్లిచ్చి నేర్పలేదు. బాబు ఆదివారం ఒకటి రెండు ట్రేలు ఆయనతో కలిసి చూడనివ్వండి. "ఈ పూట మేత ఎంత వేద్దాం నాన్నా?" అని వాడు అడిగే రోజు రావాలి. పొద్దున్న చేసినదానికి సాయంత్రం, రాత్రి చేసినదానికి తెల్లారి ఫలితం వస్తుందని, మధ్యలో ఓపిక పట్టాలని అక్కడ తెలిసినంత బాగా ఏ ఫోన్లోనూ తెలియదు. ఫోన్లో నాణెం టంగున వెంటనే మోగుతుంది. బతుకులో అంత తొందరగా మోగేవి తక్కువ.

అయితే యాప్‌లన్నీ దండగ అని నేను అనడం లేదు. అలా అంటే మీ మొదటి మూడు వారాల ప్రశాంతత అబద్ధమైపోతుంది. చిన్నపిల్లలకి వెంటనే దొరికేదే గట్టిగా పట్టుకుంటుంది, అందుకే అది పనిచేసింది. పళ్ళు తోముకోవడం తీసుకోండి. తోమకపోతే పుచ్చుతాయి నిజమే, కానీ రేపు పుచ్చవు, రెండేళ్ళకి పుచ్చుతాయి. ఆ ఫలితం వచ్చేదాకా ఆగి నేర్చుకోమనలేం. ఫలితం మరీ దూరాన ఉన్న పనికి, పనిలో రుచి లేనప్పుడు, అలవాటు పడేదాకా ఒక చుక్కో నక్షత్రమో పెడితే తప్పులేదు. లేత మొక్కకి కర్ర పాతినట్టు అనుకోండి, వేరు పట్టాక తీసేస్తాం.

ఇబ్బంది ఎక్కడంటే, వాడు ఊరికే ఇష్టంగా చేసే పనికి కూడా ఖరీదు కట్టినప్పుడు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని బాలబడిలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు 1973లో చూపించింది ఇదే. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి "బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. రెండో జట్టుకి ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ లేదు. వారం రెండు వారాల తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని రోజున చూస్తే, ముందే బేరం కుదుర్చుకున్న పిల్లలు మిగతావాళ్ళు గడిపినదాంట్లో ఇంచుమించు సగం సేపే బొమ్మల దగ్గర కూర్చున్నారు. అనుకోకుండా బహుమతి అందుకున్న జట్టుకి ఏ నష్టమూ రాలేదు. అంటే బహుమతి చెడ్డది కాదు, ముందస్తు బేరమే ఇష్టాన్ని తినేసింది. మీవాడు ఫిబ్రవరికి ముందు మామ్మకి మంచినీళ్ళు ఇచ్చేవాడు కదా? మీరు యాప్‌లో దాన్ని పెట్టలేదు కూడా. కానీ పక్కనున్న పనులన్నిటికీ వెల కనిపిస్తుంటే, దీనికి వెల లేదేమిటి అని అడిగాడు. సంతలో తిరిగేవాడికి అన్నీ సరుకులాగే కనిపిస్తాయి.

ఆ చక్రం గురించి ఒక్క మాట. ఎప్పుడు ఎంత వస్తుందో తెలియని బహుమతి అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంటుందని స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాలతో ఎప్పుడో తేల్చాడు. మన తీర్థాల్లో రంగుల చక్రం తిప్పించేవాడికి అది చదవకుండానే తెలుసు. మీవాడికి నిద్ర రాకపోవడం వాడి తప్పు కాదు. సెట్టింగుల్లో ఆపే వీలుంటే ఈ రోజే ఆపేయండి. వీలు లేకపోతే అది ఒక్కటే చాలు యాప్ తీసేయడానికి.

ఇక మీ అసలు ప్రశ్న, ఉంచాలా తీసేయాలా.

చెల్లెలు చెప్పినట్టు ఉంచి మైనస్ పెంచితే కొన్నాళ్ళు భయపడతాడు. తర్వాత రెండు దారులున్నాయి. మరింత చాకచక్యంగా టిక్‌లు పెడతాడు, లేదా ఖాతా ఎలాగూ అడుగంటింది కదా అని మొత్తం వదిలేస్తాడు. సున్నాలో ఉన్నవాడికి ఇంకో యాభై పోతే ఏం? ఇంకో సంగతి, రేట్లు పెరుగుతాయి. ఇప్పుడు పదికి చేసినవాడు ఆరో తరగతిలో యాభై అంటాడు. మీరు పోలీసు, వాడు దొంగ, మధ్యలో ఫోను. ఈ దారి నాకు నచ్చలేదు.

ఈ రాత్రికే మొత్తం తీసేస్తే? మీకు వెంటనే తెరిపిగా ఉంటుంది. కానీ వాడు "640 నావి" అంటాడు, ఆ మాట న్యాయం. మీరు మాట ఇచ్చారు, వాడు నాలుగు నెలలు దాచాడు. అబద్ధం ఆడకూడదని మనం చెప్పబోతున్న పిల్లాడి దగ్గర మన మాటే తప్పితే ఎలా? పైగా కొన్నాళ్ళు పళ్ళు తోమడం, పుస్తకం తీయడం అన్నీ మొదటికి వస్తాయి, అరుపులు పెరుగుతాయి. రెండు మూడు వారాలు ఓర్చుకోగలిగితే ఇదీ దారే. రాత్రిళ్ళు ఒంటరిగా ఇద్దరు పిల్లలతో వేగేది మీరు. మీ ఒంట్లో ఓపిక ఎంతుందో మీకే తెలుసు.

మూడోది, దుకాణం మూసేముందు బాకీలు తీర్చినట్టు తీర్చడం. సైకిల్‌కి ఇంకా 360 కావాలి. పళ్ళకి, హోంవర్కుకి, నీళ్ళకి కలిపి రోజుకి పాతిక చొప్పున పదిహేను రోజులు. "ఇంకో పదిహేను రోజులు ఆడదాం, వెయ్యి అవుతాయి, సైకిల్ కొంటాం, ఆ రోజుతో కాయిన్ల ఆట అయిపోతుంది" అని ముందే చెప్పండి. ఈ పదిహేను రోజులూ మైనస్‌లు ఉండవు. టిక్ వాడు పెట్టడు, సాయంత్రం మీరిద్దరూ కలిసి తొట్టి దగ్గరికి వెళ్ళి చూసి పెడతారు. ఇందులో ఒక చిక్కుంది. అబద్ధం ఆడినా సైకిల్ వచ్చేసిందే అని వాడికి అనిపించవచ్చు. దానికి వేరుగా జవాబు ఉండాలి. పోయని ఆ రెండు రోజులకి బదులుగా వారం రోజులు పొద్దుటి నీళ్ళు కూడా వాడే పోయాలి, కాయిన్లు లేకుండా. అది శిక్ష అని చెప్పకండి, గేదెకి బాకీ అని చెప్పండి. పిల్లలకి బాకీ అనే మాట బాగా ఎక్కుతుంది.

ఆ తర్వాత కూడా పళ్ళు తోమడం దగ్గర మొండికేస్తే క్యాలెండర్ మీద పెన్సిలు చుక్క పెట్టుకోనివ్వండి, నెల నిండాక అదీ మానేస్తాడు. కాగితంతో ఒక సుఖం ఉంది. చుక్క పెట్టడానికి తీసిన పెన్సిలు చేతిలో ఉండగా వీడియోలు మొదలవవు. యాప్ తీసేసేటప్పుడు, అందులో బాబు ఫోటో, బడి పేరు లాంటివి ఇచ్చి ఉంటే ఖాతా కూడా రద్దు చేయండి, ఫోన్లోంచి యాప్ బొమ్మ చెరిపేస్తే సరిపోదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ అనుమతి మీదే, వెనక్కి తీసుకోవడమూ మీ ఇష్టమే.

నేనైతే మూడో దారి ఎంచుకునేవాణ్ణి. కానీ ఒకటి అడగాలి. బడిలో టీచర్లు కూడా వీడు ఒక్కచోట కూర్చోలేడని, చెప్పిన మాట బుర్రలో నిలవదని తరచూ అంటుంటారా? అలా అయితే పది సార్లు చెప్పించుకోవడం మొండితనం కాకపోవచ్చు. పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. అలాంటి పిల్లలకి చిన్న చిన్న బహుమతుల పద్ధతి నిజంగానే సాయం చేస్తుంది, అప్పుడు దాన్ని డాక్టరు సలహాతో ఇంకా ఎక్కువ కాలం ఉంచుకోవాలి.

అత్తగారి "నాలుగు తగిలించడం" గురించి పెద్దగా చెప్పను. అదీ ఒక రకం మైనసే. దెబ్బ తిన్నాక వాడు "తిన్నాను కదా, ఇంకేంటి" అంటాడు. లెక్క అక్కడా సరిపోతుంది, గేదె అక్కడా ఉండదు.

కానీ ఆవిడ మంచినీళ్ళ సంగతి అలా వదిలేయడానికి లేదు. వాడిచేత బలవంతాన సారీ చెప్పించకండి, అది ఆవిడకీ ఆనదు. ఆవిడ వాణ్ణి అడగడం మానేసింది, అదే పెద్ద నష్టం. మీరు ఆవిడతో ఏకాంతంగా, "మీరు అడగడం మానకండి అత్తయ్యా, వాడు ఎన్ని కాయిన్లంటే నవ్వి మళ్ళీ అడగండి" అని చెప్పండి. ఆవిడ దగ్గర వాడికి కావలసింది ఒకటుంది. 1986 ఆగస్టు గోదావరి వరద ఆవిడ కళ్ళారా చూసి ఉంటుంది. భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చిన వరద అది. వచ్చే నెలలో మళ్ళీ వార్తలు మొదలవుతాయి. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో పది లక్షల క్యూసెక్కులకి ఒకటి, పదమూడుకి రెండు, పదిహేడుకి మూడు. వాడికి ఒక నోటుబుక్కు ఇచ్చి రోజూ రెండు అంకెలూ రాసుకోమనండి. పైన పెరిగినది కిందకి ఎన్ని గంటలకి వచ్చిందో, కనకాయలంక కాజ్‌వే ఎప్పుడు మునిగిందో, బోడసకుర్రు వంతెన మీద నుంచి చూస్తే వైనతేయ పాయ రంగు ఏ రోజు మారిందో. ఎక్కడో వాన పడితే మన ఊళ్ళో పడవ కట్టుకోవాల్సి రావడం కన్నా పెద్ద కారణం-ఫలితం పాఠం నాకు తెలియదు. రాసిన అంకెలు మామ్మకి చదివి వినిపిస్తే, "అప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసా" అని ఆవిడ మొదలుపెడుతుంది. అంత పెద్ద కథ చెప్పేటప్పుడు ఆవిడకి దాహం వేస్తుంది కూడా.

మీవారి వ్యాపారం మాట కొట్టిపారేయకండి, అందులోనూ కొంత నిజం ఉంది. డబ్బు సంపాదించాలన్న కోరిక తప్పు కాదు. దానికి వేరే చోటు చూపించండి. ముప్పై చెట్లున్న ఇంట్లో కొబ్బరి ఈనెలకి కొదవేముంది? రాలిన మట్టలు పోగుచేసి, మామ్మ దగ్గర ఈనెలు చీరడం నేర్చుకుని చీపురు కడితే, అమ్మిన డబ్బులో వాటా వాడిది. అది నిజమైన కూలి. పుల్లలు సరిగ్గా గీయకపోతే కొనరు, కట్టు వదులైతే మర్నాడు తిరిగి తెచ్చి మొహాన కొడతారు. కంచం తీయడం, తొట్టి నింపడం, మంచినీళ్ళు ఇవ్వడం ఇంట్లో ఉన్నందుకు చేసే పనులు, వాటికి డబ్బు లేదు. ఈ రెండిటి మధ్య గీత తొమ్మిదేళ్ళవాడికి అర్థమవుతుంది. కొన్నాళ్ళు బేరమాడతాడు, ఆడనివ్వండి.

పాప కూడా కాయిన్లు అడుగుతోందని చివర్లో రాశారు. అయిదేళ్ళ పిల్లకి సంతకం కావాలి, అన్నతో సమానంగా. పాలు కొలిచిన గడిలో తనని ఒక పువ్వు గీయమనండి.

సైకిల్ కొన్నరోజు మీవాడు మొదటి రౌండ్ ఎక్కడికి వెళ్తానంటాడో నాకు తెలుసు. రోడ్డు మీద లారీలని మీరు వద్దంటారు, ఇంక మిగిలింది నున్నటి కాలవగట్టు ఒక్కటే. ఆ మాట ఈ రాత్రికే చెప్పేయమన్నది అందుకే.